బాయిలర్ కింద నీళ్లా? గేజ్ ముల్లు చూడండి

ఇంటిని వేడిచేసే గ్యాస్ బాయిలర్ కారుతుంటే ముందు దాని పక్కనున్న కరెంటు స్విచ్ ఆపండి. థర్మోస్టాట్ తగ్గిస్తే చాలదు, లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది. స్విచ్ తడిస్తే దాని జోలికి పోకుండా ఇంటి మెయిన్ బోర్డులో ఆపాలి. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకండి. కిటికీలు తెరిచి, అందరూ బయటికొచ్చాకే గ్యాస్ ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి.

ఇక గేజ్, అంటే లోపలి నీళ్ల ప్రెషర్ చూపే మీటరు. ప్రెషర్‌ని బార్లలో కొలుస్తారు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1, 1.5 బార్ల మధ్య ఉండాలి. వేడెక్కాక 2 దాకా వెళ్లొచ్చు. 3 దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, గోడ బయటికున్న సన్నటి రాగి గొట్టంలోంచి నీళ్లు వదిలేస్తుంది.

హీటింగ్ వెయ్యగానే ముల్లు 3కి ఎగబాకి, చల్లారాక సున్నాకి పడిపోతుంటే అనుమానం ఎక్స్‌పాన్షన్ వెసెల్ మీదే. నీళ్లు 80 డిగ్రీలకి కాగితే దాదాపు 3 శాతం ఉబ్బుతాయి. సిస్టంలో 100 లీటర్లుంటే ఆ అదనపు 3 లీటర్లకి చోటిచ్చేది వెసెల్‌లో రబ్బరు పొర వెనకున్న గాలే. దానికి కారు టైరుకున్నట్టే చిన్న వాల్వ్ ఉంటుంది. మెకానిక్ పిన్ను నొక్కినప్పుడు గాలికి బదులు నీళ్లొస్తే పొర చిరిగినట్టే, వెసెల్ మార్చాలి. ఒకసారి తెరుచుకున్న సేఫ్టీ వాల్వ్ కూడా మడ్డి ఇరుక్కుని సరిగ్గా మూసుకోకపోవచ్చు, అదీ చూడమనండి.

హీటింగ్ ఆపి ఉన్నా ముల్లు పెరుగుతుంటే నీళ్లు నింపే ఫిల్లింగ్ లూప్ కుళాయి పూర్తిగా కట్టలేదేమో చూడండి.

రోజుకి కాస్త చొప్పున తగ్గుతుంటే ఎక్కడో జాయింటు కారుతోంది. పైపులు చల్లారాక ఒక్కో జాయింటుకీ పొడి టిష్యూ చుట్టండి. పచ్చటి చిలుము పట్టినవాటితో మొదలుపెట్టండి.

తడి ఉన్నా ముల్లు కదలకపోతే, కండెన్సేట్ నీళ్లు (పొగలోని ఆవిరి చల్లారి ఏర్పడేవి) పోయే ప్లాస్టిక్ గొట్టం ఊడిందేమో, మూసుకుపోయిందేమో చూడాలి.

ప్రెషర్ పడినప్పుడల్లా నీళ్లు నింపుతూ పోవడం చాలామంది చేసే పొరపాటు. కొత్త నీళ్లతోపాటు ఆక్సిజన్ వెళ్లి గదుల్ని వేడిచేసే రేడియేటర్లు లోపల తుప్పు పడతాయి, ఆ నల్లటి మడ్డి పంపునీ, మంట వేడిని నీళ్లకి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్‌నీ తినేస్తుంది. వారానికోసారి నింపాల్సొస్తుంటే మెకానిక్‌ని పిలవండి.

బాయిలర్ ముందువైపు కవరు మాత్రం మీరు విప్పకండి. చాలా మోడళ్లలో పొగ ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ కవరే. సీలు సరిగ్గా కూర్చోకపోతే వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి చేరుతుంది. గ్యాస్ లైసెన్సున్నవాళ్లే విప్పాలి. అద్దె ఇల్లయితే గేజ్ ఫోటో, తడి ఫోటో ఓనరుకి రాతపూర్వకంగా పంపండి. మెకానిక్‌కి మాత్రం చల్లగా ఉన్నప్పుడెంత, వేడిమీదెంత, ఎన్ని రోజుల్లో ఎంత పడిందో చెప్పండి. ఏ పార్టు పట్టుకురావాలో ఆయనకి ముందే ఒక అంచనా ఉంటుంది.