సోఫాల షాపులో భోజనం చేయడానికి నామోషీ ఎందుకు?

జూలై వచ్చిందంటే కోనసీమలో ఏ వీధిలో చూసినా ఒకటి రెండు ఇళ్ళల్లో విదేశీ చదువులకి వెళ్ళే పిల్లల పెద్ద సూట్‌కేసులు నేల మీద తెరిచి ఉంటాయి. 23 కేజీలు దాటకూడదని ఆవకాయ తీసి దుప్పటి పెట్టడం, దుప్పటి తీసి మళ్ళీ ఆవకాయే పెట్టడం, ఇంటిల్లిపాదికీ అదే పని. సెలవులకి అమలాపురం వచ్చానని తెలిసి అలాంటి ఇళ్ళవాళ్ళు నన్నూ పిలుస్తున్నారు. పిల్లలు అడిగేవి సిమ్ కార్డు గురించి, బ్యాంకు అకౌంటు గురించి. తల్లులు మాత్రం అందరూ ఒకటే అడుగుతున్నారు, "వంటిల్లు కుదిరేదాకా మా వాడు ఏం తింటాడండీ?" అని.

దిగిన మొదటి రోజుల్లో పరుపో, దిండో, రెండు గిన్నెలో కొనడానికి మీలో చాలామంది ఐకియా అనే పెద్ద ఫర్నిచర్ షాపుకి వెళ్తారు. న్యూజెర్సీలో దిగేవాళ్ళకి న్యూవార్క్ ఎయిర్‌పోర్టు పక్కనే ఎలిజబెత్‌లో ఉంది, డాలస్ వైపు వెళ్ళేవాళ్ళకి ఫ్రిస్కోలో ఉంది. ఆ షాపు లోపలే పెద్ద రెస్టారెంటు ఉంటుంది. బయట హోటల్లో కూర్చుని తినే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువలో, వేడివేడిగా, ప్లేటు నిండా తినొచ్చు. మొహమాటం లేకుండా తినండి. ఆ రోజు ఒక్క చెంచా కూడా కొనకపోయినా సరే, తినండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మనవాళ్ళకి అక్కడ అడ్డొచ్చేది డబ్బు కాదు, నామోషీ. మన దగ్గర బట్టల షాపులోకి వెళ్తే కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇస్తారు, అది తాగాక చీర కొనకుండా లేచి రావడానికి ప్రాణం ఒప్పదు. అదే అలవాటుతో పిల్లలు అక్కడ కూడా, ఏమీ కొనట్లేదు కదా, తింటే ఏమనుకుంటారో అని ఆకలితోనే తిరిగి వచ్చేస్తున్నారు, లేదా తిన్నందుకు అవసరం లేని దీపమొకటి కొనుక్కుని వస్తున్నారు. అక్కడ ఎవరూ ఏమీ అనుకోరండి. చుట్టుపక్కల పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కాలేజీ పిల్లలు కేవలం తినడానికే వచ్చి కూర్చుని ఉంటారు, మీ చుట్టూ మీరే చూస్తారు.

ఆ భోజనం మన మీద దయతో పెడుతున్నదీ కాదు. స్వీడన్‌లో ఇంగ్వార్ కాంప్రాడ్ అనే ఆయన 1943లో ఈ కంపెనీ పెట్టాడు. మొదటి పెద్ద షాపు 1958లో ఎల్మ్‌హుల్ట్ అనే చిన్న ఊళ్ళో తెరిచాడు. అంత దూరం వచ్చినవాళ్ళు ఆకలేస్తే బేరం సగంలో వదిలేసి వెళ్ళిపోతారని ఆయనకి అర్థమై, 1960 నాటికే షాపులో రెస్టారెంటు ఉంది. కడుపు నిండినవాడు తీరిగ్గా తిరుగుతాడు, తీరిగ్గా తిరిగితే ఏదో ఒకటి కొంటాడు. భోజనం ధర తక్కువగా ఉంచడం వాళ్ళ వ్యాపారంలో ఒక భాగం, కాబట్టి మీరు ఎవరికీ బాకీ పడరు.

పద్ధతి తెలిస్తే టెన్షన్ ఉండదు. చాలా షాపుల్లో రెస్టారెంటు పై అంతస్తులో, సోఫాలు మంచాలు అలంకరించి పెట్టిన గదులు దాటాక వస్తుంది. నేల మీద బాణం గుర్తులు ఉంటాయి. వాటి వెంటే వెళ్తే షాపంతా తిరగాల్సి వస్తుంది, ఆకలి మీద ఉంటే మధ్యలో దగ్గర దారులు ఉంటాయి, అక్కడివాళ్ళని అడిగితే చూపిస్తారు. ముందు ట్రే తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురు ఉంటే ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని తోసుకెళ్ళే చిన్న ట్రాలీ ఉంటుంది, అది తీసుకోండి. కేకులు, సలాడ్లు అద్దాల అరలో ఉంటాయి, మీరే తీసుకోవచ్చు. వేడి వంటకాలు కౌంటర్ దగ్గర వడ్డిస్తారు. బోర్డు మీద ధర చూసుకుని, కావలసింది వేలితో చూపిస్తే చాలు, ఆ యాస మనకి అర్థం కాలేదనీ మన యాస వాళ్ళకి అర్థం కాలేదనీ బెంగ ఉండదు. చివర బిల్లు కట్టి, ఖాళీ ఉన్న చోట కూర్చోవడమే. తిన్నాక మాత్రం ప్లేటు బల్ల మీద వదిలి రాకండి, ట్రేతో సహా తీసుకెళ్ళి గోడ పక్కనున్న స్టాండులో పెట్టాలి. టిప్పు ఇవ్వక్కర్లేదు. అమెరికాలో మామూలు రెస్టారెంటులో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు పడుతుంది, కొత్తగా వెళ్ళిన విద్యార్థికి అదేమీ చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. దయచేసి ఇది మాత్రం వదలకుండా చదవండి. హైదరాబాద్‌లో 2018 ఆగస్టు 9న ఐకియా తెరిచారు, మన దేశంలో అదే మొదటిది, వెయ్యిమంది కూర్చునే రెస్టారెంటుతో. అక్కడ బిర్యానీ, సమోసా ఉంటాయి, మీట్‌బాల్స్, అంటే కైమా ఉండలు, చికెన్‌తో చేస్తారు, గొడ్డుమాంసం, పంది మాంసం వాడరు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసి వెళ్ళే పిల్లలు అక్కడ తిని ఉంటారు కాబట్టి విదేశంలో కూడా అదే అనుకుంటారు. కాదు. అమెరికాలో, యూరప్‌లో మీట్‌బాల్స్ అంటే మామూలుగా గొడ్డుమాంసం, పంది మాంసం కలిపి చేసినవే. పైన పోసే సాసు సంగతి కూడా తెలుసుకోండి. 2020లో కంపెనీవాళ్ళే ఇంట్లో చేసుకోమని బయటపెట్టిన వంట పద్ధతిలో ఆ సాసుకి వెన్న, మైదా, క్రీముతో పాటు గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళు, అంటే బీఫ్ స్టాక్, కూడా వేయమన్నారు. తినేవాళ్ళు తినండి, అది మీ ఇష్టం. తినని ఇంట్లో పుట్టినవాళ్ళు మాత్రం తెలియక తిని ఆ తర్వాత బాధపడకూడదు. శాకాహారం ఉండలు తీసుకున్నా సాసు వేసే ముందే అడగండి, అనుమానం ఉంటే సాసు వద్దనండి.

శాకాహారం ఉండలు రెండు రకాలు. వెజ్జీ బాల్స్ 2015లో వచ్చాయి, శనగలు, క్యారెట్, బఠాణీ, మొక్కజొన్న లాంటివి కనబడుతూనే ఉంటాయి. ప్లాంట్ బాల్స్ 2020లో వచ్చాయి, బఠాణీల ప్రోటీన్, ఓట్స్, బంగాళాదుంప, ఉల్లి, ఆపిల్‌తో చేసినా చూడ్డానికీ నమలడానికీ మాంసంలాగే ఉంటాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ రెండోది నచ్చదు, మొదటిదే తెప్పిస్తాను. పక్కన మెదిపిన బంగాళాదుంప, లింగన్‌బెర్రీ అనే పుల్లటి పండ్లతో చేసిన ఎర్రటి జామ్ పెడతారు. జామ్‌ని విడిగా తినకుండా ఉండకి కాస్త అద్దుకుని తింటే ఆ పులుపు బాగుంటుంది, మన నాలుకకి కావలసినదానికి అక్కడ దగ్గరగా వచ్చేది అదే. చేపలు తినేవాళ్ళు సాల్మన్ తీసుకోండి. వరద నీటికి సముద్రంలోంచి ధవళేశ్వరం వైపు ఎదురీదే మన పులస లాగే అట్లాంటిక్ సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కే జాతి. రుచి మాత్రం పులస కాదు, ఉప్పూ కారం తక్కువ, మిరియాల పొడి అడిగి చల్లుకోండి.

పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో పాలకొల్లు నుంచో రాజోలు నుంచో వచ్చే అమ్మానాన్నలని తప్పకుండా తీసుకెళ్ళండి. నాలుగు గోడల మధ్య టీవీ ముందు విసుగెత్తిపోతారు పాపం. ఈ షాపులో అయితే ఎండా చలీ లేకుండా నడవొచ్చు, ఎక్కడ కాళ్ళు లాగితే అక్కడ సోఫాలో కూర్చోవచ్చు, కిటికీ పక్కన టీ తాగుతూ గంటసేపు ఉన్నా లేవమనేవాళ్ళు లేరు. చంటిపిల్లలకి ఎత్తు కుర్చీలు ఉంటాయి, పాలూ ఉగ్గూ వెచ్చబెట్టుకోవడానికి మైక్రోవేవ్ పెడతారు. పిల్లల ప్లేటు వేరే, ధర ఇంకా తక్కువ. మీతో తెచ్చుకున్న పులిహోర డబ్బా మాత్రం అక్కడ తెరవకండి, పసిపిల్లల తిండి తప్ప బయటిది తినడం పద్ధతి కాదు.

ఫ్యామిలీ కార్డు అని ఒకటి ఊరికే ఇస్తారు, పేరూ ఈమెయిలూ ఇస్తే చాలు. చాలా దేశాల్లో ఆ కార్డుకి వారం మధ్యలో కాఫీ ఉచితం, కొన్ని వంటకాల మీద తగ్గింపు. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం వెళ్తే లైను చూసి నీరసం వస్తుంది. వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి, పొద్దున్న టిఫిన్ ధర ఇంకా తక్కువ. వెళ్ళే ముందు కొనాల్సినవి ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి, కడుపు నిండాక కంటికి ప్రతిదీ అవసరంలాగే కనబడుతుంది, నాలుగు డాలర్లు మిగిలాయన్న ధైర్యంతో నలభై డాలర్ల సామాను ట్రాలీలో పడుతుంది.

బిల్లు కౌంటర్లు దాటాక స్వీడన్ సరుకుల చిన్న కొట్టు ఉంటుంది. అక్కడ ఫ్రీజర్లో వెజ్జీ బాల్స్ ప్యాకెట్ దొరుకుతుంది. రూములో ఒక్క మూకుడు ఉంటే చాలు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు నూనెలో వేగాక అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు టమాటాలు వేసి మగ్గనిచ్చి, కారం, ధనియాల పొడి చల్లి ఈ ఉండలు వేసి పది నిమిషాలు మూత పెడితే అన్నంలోకి కూర తయారు. అలిసిపోయి వచ్చిన రాత్రి చాలా అక్కరకొస్తుంది.

ఒక్క సంగతి చూసుకోండి. ఈ షాపులు ఎక్కువగా ఊరికి దూరంగా, హైవే పక్కన ఉంటాయి. కారు లేనివాళ్ళు బస్సుకీ క్యాబ్‌కీ పెట్టే డబ్బు భోజనంలో మిగిలేదానికంటే ఎక్కువైపోతుంది. రూమ్మేట్లతో కలిసి పరుపు కొనే రోజునే భోజనం కూడా కలుపుకోండి, కారున్న సీనియర్ ఎవరైనా వెళ్తుంటే నేనూ వస్తానని ఒక మాట వేసి ఉంచండి.