గేమ్ సరదాకా, బాధ మరిచిపోవడానికా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివే మీ తమ్ముడు రోజూ రాత్రి ఫోన్‌లో బీజీఎంఐ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతున్నాడు, కంగారు పడాలా అని అడిగారు. గంటలు మాత్రమే లెక్కపెట్టకండి. ఎప్పుడు ఫోన్ తీస్తున్నాడో, ఆపాక ఎలా ఉంటున్నాడో చూడండి.

సరదాగా ఆడేవాడు ఓడినా గోలగోలగా చెప్పుకుంటాడు, అన్నానికి పిలిస్తే విసుక్కుంటూనైనా వస్తాడు, రథయాత్ర రోజు స్నేహితులతో పోతాడు. బాధ తప్పించుకోవడానికి ఆడేవాడికి గెలిచినా సంతోషం ఉండదు. మార్కులు తగ్గినా, ఇంట్లో గొడవైనా తలుపేసుకుని ఆడతాడు. ఆపగానే మళ్లీ అదే దిగులు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లల్లో కొందరికి క్లాసులో నోరు విప్పాలంటే బెరుకు. స్క్వాడ్‌లో, అంటే గేమ్‌లోని జట్టులో, మాత్రం వాళ్ల మాటకు విలువుంటుంది. ఆ సంగతి తప్పకుండా అడగండి.

ఎప్పుడైనా మనసు బాగోక ఆడితే అది జబ్బు కాదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం, ఆట అదుపు తప్పి, నష్టం తెలిసినా మానలేని స్థితి సాధారణంగా 12 నెలలు కనిపిస్తేనే గేమింగ్ డిజార్డర్ అంటారు.

ఫోన్ లాక్కోవద్దు. పక్కన కూర్చుని ఒక మ్యాచ్ చూసి, "ఈమధ్య ఏమైందిరా?" అనండి. మీకు చెప్పకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్ర, తిండి చెడితే మాత్రం ఆలస్యం చేయకుండా బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి.