పరిహారం వస్తుందని మూడు రూపాయల వడ్డీకి అప్పా?

గుంటూరు నుంచి ఒకావిడ రాశారు. భర్తకు 38 ఏళ్ళు, టైలరు, సొంత షాపు. నాలుగున్నర నెలల కిందట పని మీద విజయవాడ వెళ్ళి ఏలూరు రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. కుడి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగితే లోపల రాడ్ వేశారు. ఆసుపత్రికి, మందులకు కలిపి నాలుగు లక్షలు. ఆ డబ్బంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. కారువాళ్ళు ఆసుపత్రిలోనే 25 వేలు చేతిలో పెట్టి, ఇక ఏ సంబంధం లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆసుపత్రి నుంచి కబురు వెళ్ళడంతో పోలీసులు ఎఫ్‌ఐఆర్ అయితే కట్టారు. తెలిసిన లాయరు పది లక్షలు ఖాయం అంటున్నాడట, అందులో 30 శాతం ఆయనకి. ఈలోపు రాడ్ తీయించడానికి, షాపు అద్దె బాకీకి ఇంటి కాగితాలు పెట్టి అదే వ్యాపారి దగ్గర ఇంకో రెండు లక్షలు తీసుకోవచ్చా, పరిహారం రాగానే మొత్తం కట్టేస్తాం అని అడుగుతున్నారు. ఇంట్లో ఆరు కాసుల బంగారం ఉందట, అది మాత్రం తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పెళ్ళికి, ముట్టుకోరట.

తీసుకోవద్దమ్మా. ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటికే తీయొద్దు.

ఈ ఉత్తరాన్ని ఎంచుకుని జవాబిస్తున్నది ఎందుకంటే, యాక్సిడెంట్ అయిన ఇళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ చూసేది ఇదే లెక్క. పరిహారం మీ హక్కు, అందులో అనుమానం లేదు. కానీ ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని డబ్బును చూసుకుని, నెల నెలా ఠంచనుగా పెరిగే అప్పు చేయడం ఏం లెక్క? నాలుగు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12 వేలు. ఇప్పటికే 54 వేలు అయ్యాయి. కేసు మూడేళ్ళు నడిస్తే వడ్డీయే 4,32,000, అసలు కంటే ఎక్కువ. పరిహారం ఇవ్వాల్సిన కారు ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకు అప్పీలుకు వెళ్తే ఇంకెన్నాళ్ళో చెప్పలేం. యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు, అంటే ట్రిబ్యునల్ కూడా పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ ఇస్తుంది కదా అంటారేమో, ఇస్తుంది, మామూలుగా ఏడాదికి ఏడెనిమిది శాతం, అంటే మన భాషలో అరవై, డెబ్బై పైసల వడ్డీ. మీరు కట్టేది మూడు రూపాయలు.

ఇక ఆ పది లక్షలు ఖాయమా? కాదు, అలాగని గాల్లోంచి చెప్పిన అంకె కూడా కాదు. ట్రిబ్యునల్ లెక్క ఇలా ఉంటుంది. మీవారి వయసుకు గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చించే అంకె, 15 (2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఖాయం చేసిన పట్టిక), సొంత పని చేసుకునే 40 ఏళ్ళలోపు వాళ్ళకి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు (2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు). మీరు రాసిన నెలకు 18 వేల సంపాదనను నమ్మి, పని చేసే శక్తి 20 శాతం పోయిందని ఒప్పుకుంటే, ఆ ఒక్క పద్దు కిందే 9,07,200 వస్తుంది. అదే, రుజువు లేదు కాబట్టి 12 వేలే అనుకుందాం, నష్టం పది శాతమే అన్నారనుకోండి, 3,02,400. ఆసుపత్రి ఖర్చు, మంచంలో ఉన్నన్నాళ్ళు పోయిన సంపాదన, నొప్పికి ఇచ్చేది వీటికి అదనం. రెంటికీ మధ్య ఆరు లక్షల తేడా ఉంది చూశారా, అది లాయరు మాటకారితనంతో రాదు, మీ దగ్గరున్న కాగితాలతో వస్తుంది. మీరు ఐటీ రిటర్న్ వేయలేదు, సరే. రెండేళ్ళ ఫోన్‌పే స్టేట్‌మెంట్, బ్యాంకు పాస్‌బుక్, షాపు అద్దె రసీదులు, కొలతలూ అడ్వాన్సులూ రాసుకునే ఆ నోటుబుక్కు, అన్నీ ఈ వారమే ఒక సంచిలో వేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. డాక్టరు ‘కాలికి 25 శాతం వైకల్యం’ అని రాస్తే ట్రిబ్యునల్ ఆ అంకెనే తీసుకోవాలని లేదు. ఆ కాలు దెబ్బతినడం వల్ల ఈ మనిషి చేసే పని ఎంత దెబ్బతింటుందో చూడాలని 2010లోనే రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుమాస్తాకి కాలు విరగడం వేరు, రోజూ పది గంటలు కుడికాలితో మిషన్ పెడల్ తొక్కే టైలరుకి విరగడం వేరు. అవతలి లాయరు మోటారు మిషన్ కొనుక్కోవచ్చుగా అని తప్పకుండా అడుగుతాడు. మోటారు మిషన్‌కీ కాలితోనే నొక్కాలి, గంటల తరబడి కూర్చోవాలి, ఈ జవాబు మీవారి నోటి నుంచే రావాలి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పగలరా అన్నది కూడా ముందే కనుక్కోండి, అది లేక చాలా కేసులు నీరుగారిపోతాయి.

అన్నిటికంటే ముందు గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్లెయిమ్ పిటిషన్ యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు వేయాలి. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి, మీకింకా నెలన్నర ఉంది. విజయవాడ తిరగాల్సిన పని లేదు, మీరుండే ఊరు కాబట్టి గుంటూరులోనే వేయొచ్చు. సంతకం పెట్టిన కాగితం చూసి భయపడి ఆగిపోకండి, ఆ కాగితాన్నీ, ముట్టిన 25 వేలనూ లాయరు దగ్గర దాచకండి. కారు నడిపినవాడికి లైసెన్సు లేకపోయినా సాధారణంగా మీకు ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకుంటుంది. కారుకు ఇన్సూరెన్సే లేకపోతే మాత్రం ఓనరు వెంట పడాలి. చూసుకోకుండా దాటారు, మీదే తప్పు అంటారు. అది కొంతవరకు నిజమైనా కేసు పోదు, పరిహారంలో కొంత శాతం కోస్తారు, అంతే. తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఒకటి మోటారు వాహనాల చట్టంలో ఉంది, అవసరంలో ఉన్నవాళ్ళకి అది చూపిస్తారు. అది తీసుకుంటే ఈ పెద్ద కేసు రద్దయిపోతుంది, జాగ్రత్త.

లాయరుకు 30 శాతమా? గెలిస్తే ఇంత శాతం అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే చెల్లదు. ఊళ్ళో అందరూ చేసేదే అంటారు, చేస్తారు. మీరు ఇంత ఫీజు అని మాట్లాడుకోండి, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే, ఆదాయ పరిమితిలోకి వస్తే లాయరును ఉచితంగానే ఇస్తారు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మీ ఇంట్లో ఒక లక్షన్నర పక్కన పెట్టి ఉంటే ఆ రోజు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కేవాళ్ళు కాదు, కనీసం అప్పు ఆ మేరకైనా తగ్గేది. 25 వేలకు సంతకం పెట్టేవాళ్ళూ కాదేమో, కౌంటర్లో డబ్బు కట్టమని నర్సు మూడోసారి వచ్చి నిలబడినప్పుడు ఎవరిచ్చినా చేయి చాస్తాం. రేపు ఇంకో చోట కూడా ఇదే జరుగుతుంది. రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ ‘నాలుగు లక్షలు, ఇప్పుడే సెటిల్’ అంటుంది. అది మంచి బేరమా కాదా అన్నది మీ కాగితాలను బట్టి తేలాలి, కానీ నెలకు 12 వేలు వడ్డీ కట్టే మనిషి ఆగి ఆలోచించలేడు, తల ఊపేస్తాడు. లోక్ అదాలత్‌లో రాజీపడ్డాక అప్పీలు కూడా ఉండదు. ఎమర్జెన్సీ ఫండ్ అని నేను ఎప్పుడూ నస పెట్టేది ఇందుకే, అది హక్కు కోసం ఆగి పోట్లాడే టైం కొనిపెడుతుంది.

కాబట్టి ఆ ఆరు కాసులూ బ్యాంకులో పెట్టండి. అమ్మాయి పెళ్ళికి ఇంకా చాలా ఏళ్ళుంది, ఈ అప్పుకు అన్నేళ్ళు లేవు. బ్యాంకులో ఏడాదికి తొమ్మిది శాతం పడిందనుకోండి, ముప్పావలా వడ్డీ, అంటే నాలుగు లక్షల మీద నెలకు 12 వేలు కట్టేచోట మూడు వేలు. చాలకపోతే మిగిలింది డ్వాక్రా సంఘంలో అడగండి. వ్యాపారికి కట్టేసి, ప్రోనోటు వెనక్కి తీసుకుని, మీ కళ్ళ ముందే చింపించండి. రాడ్ కోసం ఇప్పుడే అప్పెందుకో నాకర్థం కాలేదు. ఎముక పూర్తిగా అతుక్కున్నాక, సాధారణంగా ఏడాది దాటాకే తీస్తారు, కొందరికి అసలు తీయరు. డాక్టరు చేత ఆ ఖర్చు అంచనా రాయించుకుని పిటిషన్‌లో పెట్టించండి, తీయించాల్సి వస్తే ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో కూడా అడగండి. షాపు అద్దె బాకీకి ఓనరుతో మాట్లాడి వాయిదాలు అడగండి, మీరూ బ్లౌజులు కుడతానన్నారుగా, షాపు మూయకండి.

మిగిలే తొమ్మిది వేలలో నెలకు మూడు వేలు పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తూ పోండి, అది లక్షన్నర అయ్యేదాకా చీటీలు, కొత్త సేవింగ్స్ ఏవీ వద్దు. మిగతాది బంగారం అప్పుకు. మీవారు మళ్ళీ పనిలో పడ్డాక, మంచాన పడితే వారానికి ఇంత అని ఇచ్చే షరతు ఉన్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి తీసుకోండి. ఆ డబ్బుకీ ఎదుటివాళ్ళు ఇవ్వాల్సిన పరిహారానికీ సంబంధం లేదు, రెండూ మీవే.

చదివే మిగతావాళ్ళకు ఒక్క మాట. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకి కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత వైద్యం పథకం ఉంది, ఏడు రోజుల్లోపు లక్షన్నర దాకా, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో. అడ్మిట్ చేసేటప్పుడే అడగాలి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి, అంతకు మించి రాదు, ఆ ఇళ్ళకి సొంత ఇన్సూరెన్సే దిక్కు.

అమ్మా, బంగారం పెట్టడానికి బ్యాంకుకు ఎలాగూ వెళ్తారు కాబట్టి అక్కడే ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం అడిగి ఇద్దరికీ నింపండి. ఏడాదికి 20 రూపాయలు. విరిగిన కాలికి అది పైసా ఇవ్వదు, ప్రాణం పోయినా, కాలో చెయ్యో కన్నో శాశ్వతంగా పోయినా ఇస్తుంది. అందుకే పైన చెప్పిన పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కూడా కావాలన్నాను.