టెక్ సందేహాలు: ముందు కెగ్ సంగతి తేల్చుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఇంట్లో డ్రాఫ్ట్ బీరు గురించే, అంటే కెగ్ అనే పెద్ద డ్రమ్ములో వచ్చి ట్యాపు లాగితే గ్లాసులో పడే బీరు. ఫోన్ బ్యాటరీలు, వైఫై గొడవలు వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. వీకెండ్ వస్తే ఇంట్లో పది మంది ఉంటారు. గ్యారేజీలో కెగరేటర్ (కెగ్‌ను చల్లగా ఉంచి ట్యాపుతో బీరు పోసే ఫ్రిజ్) పెడదామనుకుంటున్నాను. 'ఫుల్ సైజ్' అని అమ్మే వాటిలో కూడా కొన్ని కెగ్‌లు పట్టవని రివ్యూల్లో రాస్తున్నారు. ఏ మోడల్ తీసుకోమంటారు?

మోడల్ సంగతి తర్వాత. ముందు మీరు బీరు కొనే షాపుకెళ్లి రెండు విషయాలు అడగండి. మీకు నచ్చిన బ్రాండు ఏ సైజు కెగ్‌లో వస్తుంది, దానికి ఏ కప్లర్ (కెగ్ మూతికి బిగించి పైపులు కలిపే ముక్క) కావాలి. ఈ రెండూ తెలియకుండా ఫ్రిజ్ కొన్నవాళ్లే రివ్యూల్లో తిడుతుంటారు.

అమెరికాలో పెద్ద కెగ్‌ను హాఫ్ బ్యారెల్ అంటారు. 15.5 గ్యాలన్లు, అంటే 58 లీటర్ల పైమాట. 12 ఔన్సుల గ్లాసులు 165 దాకా వస్తాయి. నిండుగా ఉంటే బరువు 160 పౌండ్లు, ఒక మనిషిని ఎత్తినట్టే. సిక్స్త్ బ్యారెల్ అయితే 5.16 గ్యాలన్లు, 55 గ్లాసులు, బరువు అరవై పౌండ్లకు కాస్త తక్కువ. చిన్న క్రాఫ్ట్ బ్రూవరీల బీరు ఎక్కువగా ఇందులోనే దొరుకుతుంది. ఎత్తులో రెండూ దాదాపు ఒకటే, 23 అంగుళాల పైచిలుకు. తేడా అంతా వెడల్పులోనే. సిక్స్త్ బ్యారెల్ తొమ్మిదింపావు అంగుళాలుంటే, హాఫ్ బ్యారెల్ 16 దాటుతుంది. అంచుకు రబ్బరు తొడుగున్న రకమైతే 17 అంగుళాలు.

చాలామంది బోల్తా పడేది క్వార్టర్ బ్యారెల్ దగ్గర. దానికి 'పోనీ' అని ముద్దుపేరు కూడా ఉంది. పేరు విని చిన్నది కదా, ఎక్కడైనా పడుతుందిలే అనుకుంటారు. అది పొట్టిదే కానీ నడుము మాత్రం హాఫ్ బ్యారెల్ అంతే. సన్నటి కెగరేటర్‌లోకి దూరదు. అదే 7.75 గ్యాలన్లు సన్నగా పొడుగ్గా ఉండే 'స్లిమ్ క్వార్టర్'లోనూ వస్తుంది. దాని వెడల్పు 11 అంగుళాల పైన. షాపులో ఏ క్వార్టరో అడిగి మరీ తెలుసుకోండి.

ఇక కొలతలు. బాక్సు మీద రాసిన వెడల్పు బయటి కొలత, దాంతో పని లేదు. అడుగున వెనక వైపు కంప్రెసర్ కోసం మెట్టులా ఒక దిమ్మె లేచి ఉంటుంది, కెగ్ దాని ముందు నిలబడాలి. కెగ్ పైన కప్లర్ పెడితే ఇంకో నాలుగైదు అంగుళాల ఎత్తు కావాలి. అది చాలకపోతే లో ప్రొఫైల్ కప్లర్ అని పొట్టిది దొరుకుతుంది. బీరును ట్యాపులోకి తోసే ఐదు పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లోపల ఉంటుందా, వెనక తగిలిస్తారా అన్నది కూడా చూడండి. లోపలైతే దాని చోటు తీసేసి లెక్కేయాలి. షోరూమ్‌కి వెళ్తే 17 అంగుళాల వెడల్పున గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క ఒకటి పట్టుకెళ్లి లోపల నేల మీద పరిచి తలుపు వేసి చూడండి. సేల్స్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఎంత పెద్ద కెగ్ అన్నది మీ తాగుడు లెక్కను బట్టి కాదు, బీరు ఆయుష్షును బట్టి. పాశ్చరైజ్ చేయని డ్రాఫ్ట్ బీరు, చల్లగా ఉంచి కార్బన్ డయాక్సైడ్ మీద నడిపిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు రుచిగా ఉంటుంది. హాఫ్ బ్యారెల్‌ను ఎనిమిది వారాల్లో అవగొట్టాలంటే రోజుకు మూడు గ్లాసులు ఖర్చవ్వాలి, వారం మధ్యలో కూడా. సిక్స్త్ బ్యారెల్ అయితే రోజుకు ఒకటి. వీకెండ్ పార్టీలకైతే ఫుల్ సైజ్ ఫ్రిజ్ కొని అందులో రెండు సిక్స్త్ బ్యారెళ్లు, రెండు ట్యాపులు పెట్టుకోమంటాను. ఒకదాంట్లో తేలికైన లాగర్, ఇంకోదాంట్లో చేదెక్కువ ఉండే ఐపీఏ రకం బీరు. ఎప్పుడైనా పెళ్లిరోజుకో ఇంకో దానికో హాఫ్ బ్యారెల్ తెచ్చినా అందులో పడుతుంది.

గ్యారేజీ సంగతి ఒకటి మిగిలింది. టెక్సాస్ ఎండల్లో మీ గ్యారేజీ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. ఇళ్లలో వాడే కెగరేటర్లు చాలావరకు ఏసీ గదిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మాన్యువల్‌లో బయటి ఉష్ణోగ్రత ఎంతవరకు పర్వాలేదో రాసి ఉంటుంది. ఆ అంకె చూసి కొనండి, లేదా గ్యారేజీ ఆలోచన మానుకోండి.

ప్రశ్న: ఎడిసన్‌లో ఉంటాం. కెగరేటర్‌తో వచ్చిన కప్లర్ మొన్నటిదాకా బాగానే పనిచేసింది. ఈసారి స్టెల్లా ఆర్టోయిస్ కెగ్ తెస్తే బీరు సరిగా రావట్లేదు. కెగ్ పాడైందా?

కెగ్ బాగానే ఉండి ఉంటుంది. కప్లర్ వేరు. వంట గ్యాస్ సిలిండర్‌కు రెగ్యులేటర్ ఎలాగో కెగ్‌కు కప్లర్ అలాగ, మూతికి సరిపోయేదే పెట్టాలి. అమెరికన్ బీర్లలో ఎక్కువ వాటికి 'డి' రకం, ఫ్రిజ్‌తో పాటు ఇచ్చేది అదే. స్టెల్లా, హైనెకెన్ లాంటి యూరప్ బ్రాండ్లకు 'ఎస్'. చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి కానీ ఎస్‌లో మధ్య కడ్డీ కాస్త పొడుగు. డి కప్లర్ దాని మీద తిరిగినట్టే తిరుగుతుంది, లోపలి వాల్వు మాత్రం పూర్తిగా తెరుచుకోదు. బలవంతంగా నొక్కకండి. పౌలానర్‌కు 'ఏ', గిన్నెస్‌కు 'యూ'. కప్లర్ ఒక్కటి మారిస్తే చాలు, పాత పైపులు దానికే బిగుస్తాయి. గిన్నెస్ మీద మనసు పడితే మాత్రం ఖర్చు కప్లర్‌తో ఆగదు, నైట్రోజన్ కలిపిన గ్యాసు, దానికి వేరే ట్యాపు కూడా కావాలి.

ప్రశ్న: గ్లాసులో సగం నురగే వస్తోంది. ప్రెషర్ తగ్గించినా అంతే.

ప్రెషర్ ముట్టుకోకుండా ఉండాల్సింది. ముందు గమనించండి, మొదటి గ్లాసు మాత్రమే నురగా, అన్నీనా? మొదటిదే అయితే ఫ్రిజ్ పైన ట్యాపు బిగించిన నిలువు గొట్టం, అంటే టవర్, వేడెక్కుతోంది. లోపలి చల్లగాలిని టవర్‌లోకి తోసే చిన్న ఫ్యాన్ పెడితే సరిపోతుంది. అన్నీ అలాగే ఉంటే బీరే చల్లగా లేదు. డిస్‌ప్లేలో కనిపించే అంకె ఫ్రిజ్‌లోని గాలిది. రెండో గ్లాసులో థర్మామీటర్ ముంచి చూడండి, 38 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర్లో ఉండాలి. షాపు నుంచి కారులో కుదుపులు తిని వచ్చిన కెగ్‌కు ఒక రోజంతా ఫ్రిజ్‌లో విశ్రాంతి ఇవ్వాలి. శనివారం సాయంత్రం పార్టీకి శనివారం మధ్యాహ్నం కెగ్ తెస్తే నురగే తాగాలి.

చల్లదనం సరిగ్గా ఉంటే ప్రెషర్ మళ్లీ 10 నుంచి 12 పీఎస్ఐకి తెచ్చి వదిలేయండి. తగ్గించేకొద్దీ బీరులోని గ్యాసు పైపులోనే విడిపోయి ఇంకా నురగ కక్కుతుంది. అప్పటికీ తగ్గకపోతే పైపు చూడండి. ఫ్రిజ్‌తో ఇచ్చేది సాధారణంగా ఐదడుగులే. అదే లావులో ఎనిమిది, పది అడుగులది మార్చితే చాలా ఇళ్లలో బాధ తీరిపోతుంది. ట్యాపు హ్యాండిల్ ఒక్క ఊపులో పూర్తిగా లాగాలి. భయంభయంగా సగం తెరిస్తే నురగ ఖాయం. పైపుల్ని రెండు వారాలకోసారి క్లీనింగ్ ద్రావణంతో కడగండి. పుల్లటి వాసన వస్తే కెగ్‌ను తిట్టుకునే ముందు పైపునే అనుమానించాలి.

ఇదే పాఠకుడు గ్యాసు సిలిండర్ ఒక్క కెగ్‌కే ఖాళీ అయిందని కూడా రాశారు. ఐదు పౌండ్ల సిలిండర్ చాలా కెగ్‌లకు రావాలి. ఎక్కడో లీకవుతోంది. సబ్బు నీళ్లు జాయింట్ల మీద రాసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడండి. కిటికీ లేని చిన్న గదిలో ఫ్రిజ్ ఉంటే మాత్రం ముందు తలుపు తీసి ఉంచండి, ఈ గ్యాసుకు వాసన ఉండదు, గదిలో నిండినా తెలియదు.

ప్రశ్న: లండన్‌లో చిన్న ఫ్లాట్. పర్ఫెక్ట్‌డ్రాఫ్ట్ (చిన్న కెగ్ పెట్టుకునే ఇంటి డ్రాఫ్ట్ మెషిన్) తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. కిచెన్ గట్టు మీద పడుతుంది. ఆరు లీటర్ల కెగ్, పది పైంట్ల పైన వస్తుంది, తెరిచాక నెల రోజులు బాగుంటుంది. కెగ్‌ను ముందే ఫ్రిజ్‌లో చల్లబరిచి పెట్టండి, లేకపోతే సగం రోజు ఎదురుచూడాలి. అందులో దాని సొంత కెగ్‌లే పనిచేస్తాయి. హైనెకెన్ ఐదు లీటర్ల డబ్బా ఇందులో పట్టదు. కాబట్టి మెషిన్ డిస్కౌంట్ చూసి తొందరపడకుండా, మీకు నచ్చిన బీరు ఆ కెగ్‌ల జాబితాలో ఉందో లేదో, లీటరు ఎంత పడుతుందో చూడండి.

ప్రశ్న: వచ్చే ఏడాది హైదరాబాద్ వెళ్లిపోతున్నాం. కెగరేటర్‌ను సామానుతో పాటు షిప్ చేయించనా?

వద్దు. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడిచేది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది కానీ మన 50 హెర్ట్జ్‌ను మార్చలేదు, కంప్రెసర్ కష్టపడుతుంది. పైగా అక్కడ వైన్ షాపుల్లో సీసాలు, టిన్నులే. బీరు ఇంట్లో మనమే కాచుకుందామంటే లైసెన్స్ లేకుండా నేరం. అమెరికాలోనే అమ్మేసి, రెగ్యులేటర్, కప్లర్లు కూడా దాంతోపాటే ఇచ్చేయండి, మంచి రేటు పలుకుతుంది. ఖాళీ కెగ్ మాత్రం అమ్మకండి. అది బ్రూవరీది, షాపులో తిరిగిచ్చేసి మీ డిపాజిట్ తెచ్చుకోండి.