మూత్రపిండాల పరీక్ష: ఫోన్ కెమెరాను నమ్మవచ్చా?

ప్రశ్న: మేము ఇంగ్లండులో ఉంటున్నాం. మా నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. మూత్రపిండాల పరీక్ష ఇంట్లోనే చేసుకోమని జీపీ (మా ఫ్యామిలీ డాక్టర్) ద్వారా ఒక కిట్ పోస్టులో వచ్చింది. పుల్లను మూత్రంలో ముంచి, రంగుల అట్ట మీద పెట్టి, ఫోన్‌తో ఫొటో తీయాలట. ఫొటో తీస్తే పరీక్ష ఎలా అవుతుందని ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. నమ్మవచ్చా? ఫలితం బాగుంటే ఇక ల్యాబ్‌కు వెళ్లనక్కరలేదా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ నాన్నగారి సందేహం సబబైనదే. ఒకే రంగు కిటికీ వెలుగులో ఒకలా, ట్యూబులైటు కింద మరొకలా కనిపిస్తుంది. ఫోనుకూ ఫోనుకూ కూడా తేడా ఉంటుంది. దాన్ని సరిచేయడానికే ఆ అట్ట. దాని మీది గడుల అసలు రంగులు ఫోన్‌లోని యాప్‌కు ముందే తెలుసు కనుక, ఫొటోలో అవి ఎంత మారాయో చూసి, పుల్ల రంగును ఆ మేరకు సవరించి లెక్క కడుతుంది. అందుకే అట్టను తడపకుండా, మడవకుండా, నీడ పడని చోట పరచండి. ఎంతసేపు ఆగాలో యాప్ చెప్పినంతసేపే ఆగండి. ఇజ్రాయెల్‌కు చెందిన హెల్తీ.ఐఓ సంస్థ ఈ పద్ధతిలో రూపొందించిన మినిట్‌ఫుల్ కిడ్నీ పరీక్షను అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో వాడుతున్నారు. అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో దానికి అనుమతి ఇచ్చింది.

ఈ పరీక్ష చూసేది మూత్రంలోకి కారుతున్న ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను. నీళ్లు ఎక్కువ తాగిన రోజు మూత్రం పలచబడుతుంది కాబట్టి, ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థ పదార్థం) పోల్చి నిష్పత్తిగా చెబుతారు. ఇంగ్లండులో ఆ నిష్పత్తి ఒక మిల్లీమోల్ క్రియాటినిన్‌కు 3 మిల్లీగ్రాముల ఆల్బుమిన్, ఆపైన ఉంటే ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కఠిన వ్యాయామం వల్ల కూడా ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరగవచ్చు కనుక, ఒక్క ఫలితంతోనే జబ్బు ఉందనుకోకూడదు. ఉదయం లేవగానే వచ్చే మూత్రం అన్నిటికంటే మంచిది.

ఫలితం బాగున్నా రక్తపరీక్ష మానవద్దు. మూత్రపిండాలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో తెలిపే ఈజీఎఫ్ఆర్ అనే అంకెను సాధారణంగా రక్తంలోని క్రియాటినిన్‌తో లెక్కిస్తారు. పుల్ల ఆ సంగతి చెప్పదు. షుగర్ ఉన్నవారికి ఏటా ఈ రెండూ జరగాలి.

అయినా ఈ కిట్‌ను పక్కన పెట్టవద్దనే నేను గట్టిగా చెబుతాను. మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైనప్పుడు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. ఆల్బుమిన్ ఒక్కటే తొలి ఆనవాలు కావచ్చు. ఆ దశలోనే తెలిస్తే రక్తపోటును, షుగర్‌ను అదుపులో పెట్టి, తగిన మందులతో నష్టాన్ని నెమ్మదింపజేయవచ్చు. నాన్నగారికి ఫోన్ చేతబట్టడం కష్టమైతే ఫొటో మీరు తీయండి; ఫలితం జీపీకి చేరిందో లేదో మాత్రం ఆ వారంలోనే అడిగి తెలుసుకోండి.