కొయ్య దించితేనే కాలువ దారి

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో కలిసి పాత తెరచాప పడవ కొన్నాడు. అది ఇప్పుడు బోర్డో దగ్గర ఉంది. పొడవు 9 మీటర్లు, తెరచాప కొయ్య 11 మీటర్లు, అడుగు నీటిలోకి 1.3 మీటర్లు దిగుతుంది. వేసవిలో మిది కాలువ మీదుగా మధ్యధరా సముద్రం దాకా తీసుకెళ్తానంటున్నాడు. గాలికే పోవచ్చా? ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– మిర్యాలగూడ నుంచి ఒక తల్లి

జవాబు: గాలికి పోవడం కుదరదమ్మా. ఆ కాలువ మీద రాతి కమాను వంతెనలు చాలా ఉన్నాయి. కాపెస్తాంగ్ ఊళ్లోని వంతెన కింద నీటి నుంచి కమాను నడుమకు సుమారు 3.3 మీటర్లే, పక్కలకు ఇంకా తక్కువ. అందుకే కొయ్యను బోర్డో వైపే క్రేన్‌తో దించి, పడవ మీద పడుకోబెట్టాలి. ప్రయాణమంతా ఇంజనుతోనే.

దించేముందు కొయ్యను నిలబెట్టి పట్టుకునే ప్రతి ఇనుప తీగకూ, దాని పిన్నుకూ రంగు టేపు చుట్టి గుర్తు పెట్టమనండి. ఈ ఒక్క పని మరిస్తే మళ్లీ నిలబెట్టేరోజు పూటంతా వెతుకులాటే. అడ్డకొయ్యలు విడదీయాలి. ముందు, నడుమ, వెనక మూడు చోట్ల చెక్క ఆసరాలు బిగించి వాటి మీద కొయ్యను కట్టాలి. రెండే ఆసరాలు పెడితే నడుమ ఊగి వంగుతుంది. 9 మీటర్ల పడవకు 11 మీటర్ల కొయ్య కాబట్టి అటూ ఇటూ మీటరు చొప్పున బయటికి పొడుచుకొస్తుంది. లాకు అంటే నీటి మట్టం పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే తలుపుల గది. దాని తలుపులకు తగిలేది ఆ కొసలే. గుడ్డ చుట్టి, ఎర్ర పీలిక కట్టండి.

రెండు కాలువలు దాటాలి. మొదట గరోన్ నది పక్కనే సాగే కాలువ 193 కిలోమీటర్లు, తులూజ్ నుంచి మిది కాలువ 240 కిలోమీటర్లు. వేగం గంటకు 8 కిలోమీటర్లు మించకూడదు, ఆచరణలో ఆరు. పడవ నడవడానికే 72 గంటలు పడుతుంది. లాకులు నూటికి పైగా ఉన్నాయి, ఒక్కోదానికి పావుగంట వేసుకున్నా మరో 25 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున పదహారు, పదిహేడు రోజులవుతుంది. మూడు వారాల సెలవు పెట్టమనండి. చాలాచోట్ల మధ్యాహ్నం భోజనానికి లాకులు ఆపేస్తారు. చలికాలంలో మరమ్మతులకు కాలువే మూసేస్తారు, ఆ తేదీలు ఏటా మారతాయి.

లాకులో జాగ్రత్త మాట. పైకి ఎక్కేటప్పుడు ముందు తలుపు నుంచి నీళ్లు సుడులు తిరుగుతూ వస్తాయి, పడవను వెనక్కి ఉంచండి. 15 మీటర్ల మోకులు రెండు కావాలి. మోకును గట్టు మీది గుంజ చుట్టూ తిప్పి, కొస చేతిలో పట్టుకోవాలి, ముడి వేయకూడదు. దిగేటప్పుడు ముడి వేస్తే నీరు తగ్గి పడవ తాడుకు వేలాడుతుంది, కట్టిన కొక్కెం ఊడిపోతుంది. పడవ పక్కలకు ఒక్కోవైపు కనీసం నాలుగు గాలి బుంగలు వేలాడదీయండి. అక్కడి పాత లాకులు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. తిన్నని గోడలు మట్టి ఒత్తిడికి కూలాయి కాబట్టి, కాలువ తవ్వించిన పియెర్ పాల్ రికే గోడల్ని వంపుగా కట్టించాడు. నడుమ వెడల్పు ఎక్కువ కనుక తాడు వదులైతే పడవ అడ్డం తిరుగుతుంది.

1.3 మీటర్ల అడుగు సరిగ్గా అంచు మీద ఉంది. ఒండ్రు పేరుకున్న చోట నేలకు రాసుకుంటుంది కాబట్టి నడుమనే పోవాలి, గట్టు దగ్గరికి వంకర తిరగకూడదు. ఎక్కువగా వచ్చే తిప్పలు మాత్రం ఇంజనుకే. చల్లబరిచే నీటిని పీల్చే జల్లెడలో ఆకులు ఇరుక్కుంటాయి, ఇంజను వేడెక్కుతుంది. రోజూ పొద్దున దాన్ని విప్పి కడగాలి.

కాలువకు నీళ్లెక్కడివంటే, మన ఉదయసముద్రం నిండితే కింది పొలాలు తడిసినట్టే. ఫ్రాన్స్‌లోని నల్లకొండల (మోంతాన్ నువార్) వాగుల నీళ్లను సాం ఫెరియోల్ చెరువులో ఆపి, దారిలోని ఎత్తైన చోటు నోరూజ్‌కు, సముద్ర మట్టానికి 189 మీటర్లపైకి, మళ్లించారు. అక్కడినుంచి రెండు వైపులకూ పారుతుంది. 1666లో మొదలై 1681లో తెరిచారు. రికే అంతకు కొన్ని నెలల ముందే, 1680లో కన్నుమూశాడు. ఆ చెరువూ నోరూజూ చూడకుండా మాత్రం రాకండి. చివర ‘తో’ అనే ఉప్పునీటి సరస్సు వస్తుంది. అది వెడల్పు, గాలి ఎక్కువ. పడుకోబెట్టిన కొయ్యతో అలల మీద పడవ ఊగుతుంది కనుక గాలి బలంగా ఉన్నరోజు ఒడ్డునే ఆగండి. కొయ్యను మధ్యధరా ఒడ్డున ఉన్న సెత్ రేవులో నిలబెట్టించుకోవచ్చు.

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతున్నప్పుడు చిన్న తెరచాప పడవ వేసుకోవచ్చా?
– హాలియా పాఠకుడు

జవాబు: వద్దు. ఇది నీళ్లు పారించే కాలువ, పడవల కాలువ కాదు. లాకులు లేవు. దారిలో రెగ్యులేటర్లు, కింద నుంచి పోయే తూములు, నీరు ఒక్కసారిగా పడే మెట్లు ఉంటాయి. ఎదురుగా షట్టరు వస్తే ఆగే దారి లేదు. సిమెంటు పూత వేసిన ఏటవాలు గట్టు నాచుతో జారుతుంది, పడినవాడికి ఈత వచ్చినా పట్టు దొరకదు. పైగా వారబందీ (వంతుల వారీ పద్ధతి) ప్రకారం నీళ్లు వదులుతారు, ఆపుతారు, మట్టం మారిపోతుంది. తెరచాపకు కావలసింది చుట్టూ తిరగడానికి చోటు, అది కాలువలో లేదు. జలాశయాల్లో పుట్టి వేసే జాలరులను అడిగితే గాలి ఎప్పుడు మారుతుందో చెప్తారు, అక్కడ కూడా లైఫ్ జాకెట్ తప్పనిసరి.

ప్రశ్న: రాజోలి ఎదుట సుంకేశుల దగ్గర పుట్టే కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవని పెద్దలంటారు. నిజమేనా?
– అలంపూర్ పాఠకుడు

జవాబు: నిజమే. కర్నూలు–కడప కాలువను 1863 నుంచి 1870 దాకా మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సేద్యంతో పాటు సరుకుల పడవలు నడపాలనే ఉద్దేశంతోనే. అందుకే దాని మీద లాకులు కట్టారు. ఖర్చు అంచనాలు దాటింది, ఆదాయం రాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది.

ప్రశ్న: జాతీయ జలమార్గం మా వాడపల్లి నుంచే మొదలవుతుందని విన్నాం.
– దామరచర్ల పాఠకుడు

జవాబు: 2008లో ప్రకటించినప్పుడు కృష్ణ మీద అంతే, 2016 చట్టంతో దాన్ని ఎగువకు, కర్ణాటకలోని గలగలి దాకా పొడిగించారు. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కృష్ణ మీది భాగం వజీరాబాద్ నుంచి, అంటే మూసీ కృష్ణలో కలిసే మీ ఊరి నుంచి, విజయవాడ దాకా 157 కిలోమీటర్లు. పులిచింతల ఆనకట్ట దారిలో ఉంది. మొదట పనులు చేపట్టింది దాని దిగువన, ముక్త్యాల–విజయవాడ మధ్య.