2024-25 ఫుట్‌బాల్ సీజన్‌లో మాంచెస్టర్ సిటీ హాఫ్‌టైమ్ లీడ్‌ని ఎందుకు నిలబెట్టుకోలేకపోయింది?

నన్నడిగితే మెయిన్ రీజన్ మిడ్‌ఫీల్డర్ రోడ్రి లేకపోవడమే. 2024 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ దెబ్బతిని దాదాపు సీజన్ మొత్తం పోయింది. వరసగా 4 సార్లు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కొట్టిన టీమ్ అది, ముందు ఒక గోల్ కొట్టారంటే ఇక బాల్ తమ దగ్గరే తిప్పుతూ అవతలోళ్ళకి ఊపిరాడనిచ్చేవాళ్ళు కాదు, ఆ తిప్పడమంతా రోడ్రి చుట్టూనే నడిచేది. అతను లేకపోయేసరికి మధ్యలో బాల్ పోతే కౌంటర్ అటాక్‌ని ఆపే మనిషే లేడు, మిడ్‌ఫీల్డ్‌లో గుండొగన్‌కేమో 34 ఏళ్ళు, డిఫెండర్లు డయాస్, స్టోన్స్‌కి మాటిమాటికీ గాయాలు.

బ్రైటన్ మీద హాఫ్‌టైమ్‌కి 1-0, చివరికి 1-2. ఫెయెనూర్డ్ మీద 75వ నిమిషం దాకా 3-0 ఉండి 3-3. డిసెంబర్‌లో అదే ఊరి టీమ్ మాంచెస్టర్ యునైటెడ్‌తో డెర్బీ అయితే చూస్తుంటేనే బాధేసింది, 88వ నిమిషం దాకా 1-0, అప్పుడు సిటీ ఆటగాడు నూనెస్ వెనక్కిచ్చిన పాస్ యునైటెడ్ ఆటగాడు అమాద్‌కి చిక్కింది, కంగారులో నూనెసే అతన్ని పడేశాడు, పెనాల్టీ, 1-1. ఆ వెంటనే డిఫెన్స్ మీదుగా ఒక లాంగ్ బాల్, మళ్ళీ అమాదే, 1-2. ఫిబ్రవరిలో రియల్ మాడ్రిడ్ మీద కూడా 86వ నిమిషం దాకా 2-1తో ముందుండి 2-3తో ఓడారు.

అందుకే డిఫెండర్లని మాత్రమే తిట్టడం కరెక్ట్ కాదు, వాళ్ళ ముందు నిలబడాల్సిన చోటే ఖాళీగా ఉంది.